ఎర్ర గద్ద డివిజన్: పాఠకుల ప్రశ్నలకు సుబేదారు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న మన సైన్యపు నాలుగో పదాతి డివిజన్ గురించి రెండే రెండు వాక్యాలు రాశాను. అవి చదివి వచ్చిన ఉత్తరాలు నా బల్ల మీద దొంతర పడ్డాయి. నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో దారులు, వంతెనలు వేసి, మందుపాతరలు తీసే దళంలో, ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ణి. అందులో కొన్నేళ్ళు ఆ డివిజన్ చిహ్నం భుజాన పెట్టుకుని తిరిగాను. కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

మా తాతగారి ట్రంకుపెట్టెలో నల్లటి గుడ్డ ముక్క మీద రెక్కలు చాచిన ఎర్ర పక్షి బొమ్మ, రిబ్బన్లున్న రెండు ఇత్తడి నక్షత్రాలు దొరికాయి. ఒక రిబ్బను గోధుమ రంగులో మధ్య ఎర్ర చారతో ఉంది. రెండోదాంట్లో ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారలున్నాయి. ఆయన యుద్ధానికి వెళ్ళారని మాత్రమే తెలుసు. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియదు. వీటిని బట్టి ఏమైనా చెప్పగలరా?
(ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం)

అమ్మా, మీ తాతగారు ఎక్కడెక్కడ తిరిగారో ఆ పెట్టె చాలావరకు చెప్పేస్తోంది. నల్ల గుడ్డ మీద ఎర్ర గద్ద నాలుగో డివిజన్ చిహ్నం. గోధుమ రంగు రిబ్బనుది ఆఫ్రికా స్టార్. జాగ్రత్తగా చూడండి, ఎర్ర చారకి అటూ ఇటూ సన్నగా ముదురు నీలం, లేత నీలం గీతలు కూడా ఉంటాయి. రెండోది ఇటలీ స్టార్. రెండూ, ఆ గుడ్డముక్కా ఒకే పెట్టెలో ఉన్నాయంటే ఆయన ఉత్తర ఆఫ్రికా ఎడారి చూసి, అక్కణ్ణించి ఇటలీ కొండలకు వెళ్ళిన మనిషి.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. నక్షత్రాన్ని తిప్పి వెనకవైపు చూడండి. బ్రిటిష్ సైనికులకిచ్చిన నక్షత్రాల మీద పేర్లుండవు. భారత సైనికులకిచ్చిన వాటి మీద నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లీషులో పొడి అక్షరాల్లో గుద్ది ఇచ్చారు. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. మెరుస్తుంది గానీ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పెడితే చదవొచ్చు. దళం పేరులో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (మా దళానికి అప్పటి పేరు) అని ఉంటే బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ రికార్డ్స్ కార్యాలయానికి ఆ నంబరు వేసి ఉత్తరం రాయండి. పేరు కంటే నంబరు ముఖ్యం. మన పేర్లను ఆనాటి గుమాస్తాలు ఒక్కోసారి ఒక్కోలా రాశారు. నంబరు మాత్రం మారదు.

డివిజన్ అంటే ఎంతమంది? అందులో అందరూ భారతీయులేనా?
(ఇంటర్ విద్యార్థి, నంద్యాల)

ఆ రోజుల్లో ఒక పదాతి డివిజన్ అంటే పదిహేను వేల పైమాటే. మూడు బ్రిగేడ్లు, బ్రిగేడుకి మూడు పటాలాలు. నాలుగో డివిజన్‌లో 5, 7, 11 నంబరు బ్రిగేడ్లుండేవి. ఒక్కో బ్రిగేడులో మామూలుగా ఒకటి బ్రిటిష్ పటాలం, రెండు మనవి. ఫిరంగులు బ్రిటిష్ వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. వీళ్ళతోపాటు సిగ్నళ్ళు, ఆస్పత్రి, కంచరగాడిదల దండు, లారీలు, సాపర్ల కంపెనీలు. మద్రాస్ సాపర్ల నుంచి 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ ఈ డివిజన్‌లో ఉన్నాయి. ఈ నంబర్లు గుర్తుపెట్టుకో బాబూ, ముందు ముందు మళ్ళీ వస్తాయి.

నాలుగో డివిజన్ ఎడారిలో వేల మంది ఇటలీ సైనికుల్ని పట్టుకుందంటారు. ఇటలీవాళ్ళు కనబడితే చాలు చేతులెత్తేసేవాళ్ళని కూడా అంటారు. అలాంటప్పుడు అందులో గొప్పేముంది?
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు)

మాస్టారూ, ఈ మాట నేనూ చాలాచోట్ల విన్నాను. సగమే నిజం. ఆ సగం ముందు చెబుతాను.

1939 ఆగస్టులో, ఇంకా యుద్ధం మొదలు కాకముందే, 11వ బ్రిగేడు ఓడెక్కి ఈజిప్టు చేరింది. ఏడాదికి పైగా ఇసుకలో తర్ఫీదు. 1940 డిసెంబరు 9న తెల్లవారుతూనే నిబేవా అనే ఇటలీ శిబిరం మీద పడ్డారు. మెటిల్డా ట్యాంకులు ముందు, వెనక పదాతి దళం. శిబిరానికి మందుపాతరలు లేని దిక్కు ఏదో ముందే కనిపెట్టి, రాత్రికి రాత్రి చప్పుడు చెయ్యకుండా అటు చేరుకున్నారు. ఇటలీ సేనాని మాలెట్టి అక్కడే చనిపోయాడు. మర్నాడు సిదీ బర్రానీ దక్కింది. ఆ కొద్దిరోజుల్లో పట్టుబడ్డ ఖైదీలు 38 వేలు. ఇది చూసి ఇటలీవాళ్ళు పిరికివాళ్ళన్నారు. నన్నడిగితే ఇది వెనక నుంచి, చీకట్లో, సరైన దారి చూసుకుని వెళ్ళినవాళ్ళ గెలుపు.

ఇక మిగతా సగం. ఆ గెలుపు వేడి చల్లారకముందే డివిజన్‌ని సూడాన్ మీదుగా, అప్పట్లో ఇటలీ ఏలుబడిలో ఉన్న ఎరిత్రియాకి పంపారు. అక్కడ కెరెన్ అనే ఊరు. మైదానం నుంచి ఆ ఊరికి వెళ్ళడానికి దొంగొలాస్ అనే ఇరుకు లోయలోంచి ఒక్కటే రోడ్డు. రెండు పక్కలా నిట్టనిలువు కొండలు. ఇటలీవాళ్ళు లోయలో బండలు పేల్చి రోడ్డు మూసేసి, కొండల నెత్తిన కూర్చున్నారు. కింద నుంచి ఎక్కేవాడు వాళ్ళకి అరచేతిలో ఉసిరికాయలా కనిపిస్తాడు. అక్కడ ఇటలీవాళ్ళు పారిపోలేదు మాస్టారూ. 1941 ఫిబ్రవరి మొదటివారం నుంచి మార్చి 27 దాకా, ఏడు వారాలు నిలబడి పోరాడారు. పోయిన శిఖరం కోసం మళ్ళీ మళ్ళీ ఎదురుదాడి చేశారు. మనవైపు నాలుగో డివిజన్, ఐదో డివిజన్ రెండూ కలిపి 536 మంది చనిపోయారు, 3,229 మంది గాయపడ్డారు. ఇటలీ వైపు చనిపోయినవాళ్ళు 3 వేలు.

ఈ అంకెల వెనక ఒక సంగతి చూడండి. కొండ మీద పటాలానికి నీళ్ళు లేవు. బండి పోదు. తుపాకీ పట్టాల్సిన వాళ్ళలోనే కొంతమంది తుపాకీ పక్కన పెట్టి నీళ్ళ డబ్బాలు, తూటాల పెట్టెలు వీపున వేసుకుని, ఎండలో ఆ రాళ్ళ మీద పాక్కుంటూ ఎక్కేవారు. అంటే కొండ ఎక్కిన ప్రతి పటాలమూ ఎక్కేసరికే చిక్కిపోయేది.

అక్కడే ఆరో రాజపుతానా రైఫిల్స్ నాలుగో పటాలంలో సుబేదార్ రిఛ్‌పాల్ రామ్ ఉన్నాడు. ఫిబ్రవరి 7 రాత్రి పై అధికారి గాయపడితే తానే ముందు నడిచి కొండకనుమ పట్టుకున్నాడు. పక్కనున్నది ముప్ఫై మంది. తెల్లారేలోపు ఆరు ఎదురుదాడులు తిప్పికొట్టాడు. తూటాలయిపోయాయి. చుట్టూ శత్రువు. మిగిలినవాళ్ళని వెంటబెట్టుకుని శత్రువు మధ్యనుంచి దారి చేసుకుని వెనక్కి వచ్చాడు. ఐదు రోజులు తిరక్కుండా, 12న అదే చోటికి మళ్ళీ వెళ్ళాడు. కుడి పాదం తెగిపోయింది. ప్రాణం ఉన్నంతసేపూ తనవాళ్ళని ముందుకి పొమ్మని ఉత్సాహపరుస్తూనే ఉన్నాడు. చనిపోయాక బ్రిటన్ యుద్ధంలో ధైర్యానికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆ యుద్ధంలో ఈ డివిజన్‌కి వచ్చిన నాలుగు విక్టోరియా క్రాసుల్లో అది మొదటిది. నేనూ అదే హోదాలో దిగినవాణ్ణి కాబట్టి ఆయన పేరు రాసేటప్పుడు నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

కెరెన్ పడ్డాక ఎరిత్రియా దారి తెరుచుకుంది. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ 1941 మే 5న తన రాజధానికి తిరిగి వచ్చాడు. ఇటలీ దాన్ని ఆక్రమించి ఆ రోజుకి సరిగ్గా ఐదేళ్ళు.

మద్రాస్ సాపర్లు నిజంగా యుద్ధం చేశారా, రోడ్లు వేశారా? మా ఊళ్ళో ఒక పెద్దాయన ‘మేం పలుగు, పార పట్టుకునే ఇటలీ గెలిచాం’ అనేవారు.
(ఒక పాఠకుడు, చిత్తూరు)

ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ ప్రశ్నకి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

1944 ఫిబ్రవరికి డివిజన్ ఇటలీలో మోంటే కాసినో ముందు ఉంది. రోముకి వెళ్ళే లోయకి అడ్డంగా కొండ, కొండ మీద పాత క్రైస్తవ మఠం. మఠం వెనక ఉన్న సన్నని రాతి గట్టుకి మనవాళ్ళు పాము తల అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టారు. అంతా బండ. గుంత తవ్వడానికి వీల్లేదు. రాళ్ళు పేర్చి నడుమెత్తు గోడలు కట్టుకుని వాటి వెనక పడుకునేవారు. వాటిని సంగర్లంటారు, వాయవ్య సరిహద్దు నుంచి మన సైన్యం వెంట తెచ్చుకున్న మాట. గుండు పడితే ఆ రాళ్ళే పగిలి ముక్కలై మీద పడేవి. జర్మన్లు కొన్నిచోట్ల డెబ్భై గజాల దూరంలో ఉన్నారు. పగలు తల ఎత్తకూడదు. అన్నం, నీళ్ళు, తూటాలు రాత్రిపూట కంచరగాడిదల మీద మైళ్ళ కొద్దీ రావాలి. సగం దారిలోనే గాడిదలు గుండ్లకి పోయేవి.

ఫిబ్రవరి 15న విమానాలు మఠం మీద బాంబులు వేశాయి. లోపల తలదాచుకున్న మామూలు జనం చనిపోయారు. బాంబులు పడేదాకా జర్మన్లు మఠంలో లేరని తర్వాత తేలింది. శిథిలాలయ్యాక వాళ్ళు అందులోనే చేరారు, ఆ రాళ్ళగుట్టలు వాళ్ళకి కోట అయ్యాయి. బాంబులు వేయమని అడిగింది మన డివిజన్ సేనాని టకరే. కానీ వేసిన వేళకి డివిజన్ దాడికి సిద్ధంగా లేదు. కొన్ని బాంబులు మనవాళ్ళ మీదే పడ్డాయి. గట్టు మీద ఉన్నవాళ్ళకి సరైన కబురే అందలేదు. ఆ రాత్రి, తర్వాతి రెండు రాత్రులు బ్రిటిష్ ససెక్స్ పటాలం, రాజపుతానా రైఫిల్స్, గూర్ఖాలు ఎక్కారు. ముళ్ళపొదల్లో జర్మన్లు పాతిన మందుపాతరల మీద గూర్ఖాలు పడిపోయారు. మఠాన్ని కూల్చడం తప్పని నేను నమ్ముతాను. కూల్చి కూడా దాని ప్రయోజనం దక్కించుకోలేకపోవడం రెండో తప్పు. రెండిటికీ మూల్యం చెల్లించింది గట్టు మీది జవాను.

ఇక మన సాపర్ల సంగతి. కొండకి ఉత్తరాన కైరా అనే పల్లె నుంచి పైకి ఒక గాడిదల బాట ఉండేది. దాన్ని ట్యాంకు పట్టేంత వెడల్పు చెయ్యమన్నారు. బండలు పేల్చాలి, లోయవైపు రాళ్ళు పేర్చి గట్టు కట్టాలి, మలుపులు సరిచెయ్యాలి. ఇదంతా శత్రువుకి కనబడకుండా జరగాలి. దారి పొడుగునా ఆకుల రంగు వలలు కట్టి వాటి కింద పనిచేశారు. మనవాళ్ళ ఫీల్డ్ కంపెనీలు, వాళ్ళతో న్యూజిలాండ్ ఇంజినీర్లు. ఆ దారికి కేవెండిష్ రోడ్డని పేరు. దాని మీద కాస్త చదునుగా, బండ్లు తిరగడానికి వీలున్న చోటుకి మద్రాస్ సర్కస్ అన్న పేరు వచ్చింది. ఇవాళ్టికీ ఆ యుద్ధపు మ్యాపుల్లో ఇటలీ కొండల నడుమ మద్రాస్ అన్న మాట కనిపిస్తుంది. బెంగళూరులో రిక్రూట్‌గా ఉన్నప్పుడు గోడకి వేలాడే మ్యాపు మీద నేను మొదటిసారి దాన్ని చదివాను. వేలుపెట్టి మూడుసార్లు చదివాను.

మార్చి 19న ఆ దారి మీదుగా ట్యాంకులు ఎక్కి అల్బనేటా అనే పొలం దగ్గర తేలాయి. అక్కడికి ట్యాంకు వస్తుందని జర్మన్లు కలలో కూడా అనుకోలేదు. కానీ ట్యాంకుల వెంట నడవాల్సిన పదాతి దళం వాటి వెంట లేదు. కాళ్ళున్న మనిషి తోడు లేని ట్యాంకు కొండల్లో గుడ్డిది. ఒక్కొక్కటే దెబ్బతింది. మిగిలినవి వెనక్కి మళ్ళాయి. సరిగ్గా వాడుకోని దారి కాబట్టే ఆ రోడ్డు సంగతి చాలామందికి తెలియదు. మే నెలలో పోలండ్ సైన్యం ఆ కొండ మీదికి వెళ్ళినప్పుడు వాళ్ళ ట్యాంకులూ ఈ దారినే ఎక్కాయి. మే 18న మఠం పోలండ్‌వాళ్ళకి దక్కింది. అప్పటికి మన డివిజన్‌ని అక్కణ్ణించి తీసేశారు. కాసినోలో అది పోగొట్టుకున్నవాళ్ళు, గాయపడినవాళ్ళతో కలిపి, సుమారు 4 వేలు.

ఇంకొక్క మనిషి గురించి చెప్పాలి. 1944 ఫిబ్రవరి 24. కాసినోకి వెనక మిన్యానో అనే చోట 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ మందుపాతరలు తీస్తోంది. సుబేదార్ సుబ్రమణియన్ ముందున్నాడు. వెంట ఉన్న ఒక లాన్స్ నాయక్ కాలు పాతర మీద పడింది. జర్మన్ల ఆ పాతర తొక్కగానే పేలదు. నాలుగు సెకన్లకి పైకి ఎగిరి, నడుమెత్తున పగిలి, మూడు వందల పైచిలుకు ఉక్కు గుళ్ళు చుట్టూ చిమ్ముతుంది. సుబ్రమణియన్ వెళ్ళి దాని మీద పడుకున్నాడు. పక్కవాళ్ళు బతికారు. శత్రువుతో ముఖాముఖి పోరు కాని చోట చూపిన ధైర్యానికి బ్రిటన్ ఇచ్చే పెద్ద పతకం జార్జ్ క్రాస్ ఆయనకి ఇచ్చారు. ఆ యుద్ధంలో చేసిన సాహసానికి భారతీయుడికి దక్కిన మొదటి జార్జ్ క్రాస్ అదే.

మాకు మందుపాతరల తర్ఫీదు ఇచ్చిన ఉస్తాద్ ఈ కథ ముందు చెప్పలేదు. తడినేల మీద బోర్లా పడుకోబెట్టి, చేతికి సన్నని ఇనుప చువ్వ ఇచ్చి, నేలలోకి ఏటవాలుగా, అంగుళం అంగుళం గుచ్చమన్నారు. నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన తగులుతుంది, ఏటవాలుగా పోతే పక్కన తగులుతుంది. గంటసేపు అలా అయ్యాక లేచి నిలబడమని, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మెల్లగా లెక్కపెట్టి, ‘ఈ టైములో ఏం చెయ్యొచ్చు, చెప్పండి’ అన్నారు. ఒకడు పరిగెత్తొచ్చన్నాడు. ఇంకొకడు బోర్లా పడొచ్చన్నాడు. అప్పుడు చెప్పారు సుబ్రమణియన్ సంగతి. ఆ తర్వాత సర్వీసులో ఎప్పుడు చువ్వ పట్టినా నాకు ఆ నాలుగు అంకెలు చెవిలో వినబడేవి.

కెరెన్ ఎక్కిన డివిజన్, కాసినోలో నిలబడిన డివిజన్, 1962లో చైనావాళ్ళ ముందు ఒక్క నెలలో ఎలా కూలిపోయింది? జవాన్లు మారిపోయారా?
(పేరు రాయని పాఠకుడు, వరంగల్)

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. జవాన్లు మారలేదు. పటాలాల పేర్లు కూడా మారలేదు. కాసినోలో మఠానికి కూతవేటు దూరంలో ఉన్న హ్యాంగ్‌మన్స్ హిల్ మీద తిండీ నీళ్ళూ విమానాల్లోంచి పడితే తిని తొమ్మిది రోజులు నిలబడ్డది తొమ్మిదో గూర్ఖా మొదటి పటాలం. 1962 అక్టోబరులో, ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో ఉన్న నామ్కా చూ వాగు ఒడ్డున నిలబడ్డవాళ్ళలో ఆ పటాలమూ ఉంది. అక్కడున్న బ్రిగేడు నంబరు కూడా పాత డివిజన్‌లోని ఏడే.

మారింది ఏమిటంటే వాళ్ళ కింద దారి లేదు. మైదానంలో ఉండి, మైదానపు యుద్ధానికే తర్ఫీదైన డివిజన్‌ని 1959 చివర్లో అస్సాంలోని తేజ్‌పూర్‌కి తరలించి హిమాలయం అప్పగించారు. దానికి ముందు అంబాలాలో జవాన్లతో తర్ఫీదు మానిపించి ఇళ్ళు కట్టించారు. 1962 సెప్టెంబరులో ఆ వాగు అవతలి థాగ్లా కొండ కింది నుంచి చైనావాళ్ళని వెళ్ళగొట్టమని ఢిల్లీ నుంచి హుకుం. తవాంగ్ దాటాక బండి దారి లేదు. 13 వేల అడుగుల కనుమలు కాలినడకన దాటాలి. కొత్తగా వచ్చినవాడికి ఆ ఎత్తులో ఊపిరే అందదు. నూలు యూనిఫారాలు, ఒకటో రెండో కంబళ్ళు, మనిషికి యాభై తూటాలు. విమానం జారవిడిచిన సామాన్లలో చాలావరకు లోయల్లో పడిపోయేవి.

వాగుకి అవతల ఎత్తున చైనావాళ్ళు, ఇవతల పల్లంలో మనవాళ్ళు. దుంగలతో వేసిన వంతెనలకి నంబర్లిచ్చి, వాటి దగ్గర కాపలా పెట్టి, పన్నెండు మైళ్ళ పొడవునా ఒక్క బ్రిగేడుని పరిచారు. అక్టోబరు వచ్చేసరికి వాగులో నీళ్ళు తగ్గాయి. ఇక వంతెనతో పనేముంది? 20 తెల్లవారుజామున చైనావాళ్ళు వంతెనల మధ్య ఖాళీల్లోంచి వాగు దాటి మనవాళ్ళ వెనక్కి చేరారు. రెండో రాజ్‌పుత్ పటాలంలో ఆ ఒక్క ఉదయమే 280 మందికి పైగా పోయారు. ఆ బ్రిగేడు సేనాని బ్రిగేడియర్ దాల్వీ ఖైదీ అయ్యాడు. నవంబరులో వెనకనున్న సేలా కనుమ, బొమ్డిలా ఊరు పడిపోయాయి. సేలా దగ్గర ఉన్న బ్రిగేడు మంచి గట్టి చోటులో ఉండి కూడా, వెనక్కి రమ్మన్న ఉత్తర్వుతో రాత్రిపూట కదిలి దారిలో చెల్లాచెదురైంది.

నేను సైన్యంలో చేరిన కొత్తలో మా కంపెనీలో 1962 చూసిన హవల్దారు ఒకాయన ఉండేవారు. అడిగితే శత్రువు గురించి ఒక్క మాట చెప్పేవారు కాదు. బూట్ల గురించి చెప్పేవారు. మంచులో తడిసిన బూటు రాత్రికి గడ్డకట్టి, పొద్దున కాలు దూరక, పొట్టకి ఆనించి కరిగించుకుని తొడుక్కునేవాళ్ళమని. ఆ మాట చెబుతూ రెండు చేతులూ పొట్ట దగ్గర పెట్టుకునేవారు.

కాసినోలో కూడా పైనుంచి చెడ్డ నిర్ణయాలే వచ్చాయి. కానీ అక్కడ వెనక దారి ఉంది, గాడిదలున్నాయి, ఫిరంగులున్నాయి, ఆ కొండకి తగ్గ సైన్యం ఉంది. నామ్కా చూ దగ్గర వీటిలో ఏదీ లేదు. ఆ జవాన్లని ఓడిపోయినవాళ్ళని అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళని అక్కడ అలా నిలబెట్టినవాళ్ళు ఓడిపోయారు.

అయితే 1965లో అదే డివిజన్ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఎలా ఆపింది?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

మూడేళ్ళే గడిచాయమ్మా. పేరు నాలుగో పర్వత డివిజన్‌గా మారింది. పర్వత డివిజన్ని తీసుకొచ్చి పంజాబ్ మైదానంలో పెట్టారు. మొదటి రెండు రోజులు దెబ్బతిన్నది కూడా. సెప్టెంబరు 7న సేనాని గుర్‌బక్ష్ సింగ్ వెనక్కి తగ్గి, ఖేమ్ కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే పల్లె చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో పటాలాల్ని కూర్చోబెట్టాడు. తెరిచిన వైపు నుంచి శత్రువు లోపలికి రావాలని. కాలవకి గండి పెట్టి చేలల్లోకి నీళ్ళు వదిలారు. సాపర్లు పాతరలు పరిచారు. చెరకు తోటల్లో జీపుల మీద 106 మిల్లీమీటర్ల తుపాకులు దాక్కున్నాయి. థర్డ్ కావల్రీ సెంచూరియన్ ట్యాంకులు, మన హైదరాబాద్ కంటింజెంట్ వారసత్వం ఉన్న డెక్కన్ హార్స్ షెర్మన్ ట్యాంకులు దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాయి.

బరువైన ప్యాటన్లు ఆ బురదలో కూరుకుపోయాయి. సెప్టెంబరు 10కి పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 97 అని మన లెక్క. దెబ్బతిన్నవీ పట్టుబడినవీ భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకి ప్యాటన్ నగర్ అన్న పేరే పడింది. ఫోర్త్ గ్రెనేడియర్స్‌లో హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద నుంచి ట్యాంకు తర్వాత ట్యాంకు కొడుతూ 10న గుండు తగిలి పోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన పటాలం మూడేళ్ళ కిందట నామ్కా చూ ఒడ్డున ఉన్న పటాలమే. తొమ్మిదో గూర్ఖా మొదటి పటాలం కూడా అసల్ ఉత్తర్‌లో ఉంది.

1962లో ఒక వాగు నీళ్ళు తగ్గి మనల్ని ముంచింది. 1965లో ఒక కాలవ నీళ్ళు పెట్టి మనవాళ్ళే శత్రువుని ముంచారు. ఈ రెంటి మధ్య తేడా నేలని చదివిన సేనాని.

వాళ్ళంతా తెల్లవాళ్ళ జీతానికి తెల్లవాళ్ళ యుద్ధం చేశారు. ఇక్కడ మనవాళ్ళు జైళ్ళలో ఉన్నారు. వాళ్ళని మనం ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?
(డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

బాబూ, ఈ ప్రశ్న అడిగినందుకు నీ మీద నాకు గౌరవమే. ఆ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు స్వచ్ఛందంగా చేరారు. చాలామంది ఆకలికి చేరారు, కొందరు తాతల నుంచి వచ్చిన అలవాటుకి చేరారు. 87 వేల మంది తిరిగి రాలేదు. నాలుగో డివిజన్ పని అంతా గొప్పదని నేను చెప్పను. 1944 చివర్లో దాన్ని గ్రీసుకి పంపారు. అక్కడ మనవాళ్ళు తుపాకీ ఎత్తాల్సి వచ్చింది నిన్నటిదాకా జర్మన్లతో పోరాడిన గ్రీకుల మీద. అది మన జవాను కోరుకున్న పని కాదు, చెయ్యాల్సిన పని కూడా కాదు. కానీ ముస్సోలినీ, హిట్లర్ ఓడిపోవడం మంచిదే కదా? ఆ ఓటమిలో వీళ్ళ రక్తం ఉంది. ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నవాడు, కెరెన్ ఎక్కినవాడు ఒకే పల్లెవాళ్ళు అయి ఉండొచ్చు. ఒకర్ని తలచుకుంటే రెండోవాడికి అన్యాయం జరగదు.

మా పెదనాన్నగారు 1944లో ఇటలీలో చనిపోయారని తంతి వచ్చిందట. నాయనమ్మ చివరిదాకా ఎదురుచూసింది. నాకిప్పుడు 79 ఏళ్ళు. ఆయన పేరు ఎక్కడైనా ఉందా?
(ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా)

అయ్యా, ఉంటుంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ ఆ యుద్ధంలో చనిపోయిన ప్రతి సైనికుడి పేరూ ఎక్కడో ఒకచోట చెక్కించింది. సమాధి ఉన్నవాళ్ళకి రాయి మీద, లేనివాళ్ళకి కాసినో స్మశానంలోని స్మారకం మీద. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు సాంగ్రో నది దగ్గర, ఫోర్లీ ఊళ్ళో ఉన్న దహన స్మారకాల మీద ఉంటాయి. సంస్థ జాబితా కంప్యూటర్లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. మీ మనవలతో వెతికించండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి ప్రయత్నించమనండి. తండ్రి పేరు, ఊరి పేరు చాలామందికి రాసి ఉంటుంది. ఊరి పేరు చూసి గుర్తుపట్టొచ్చు. దొరక్కపోతే ఆ తంతి కాగితం మీద నంబరేమైనా ఉందేమో చూసి, ఈ శీర్షిక చిరునామాకి నకలు పంపండి. నేను కూర్చుని వెతుకుతాను. పేరు దొరికితే ఏ స్మారకం మీద, ఎన్నో పలక మీద ఉందో రాసి పంపుతాను.